కొండెక్కించకండి

ఉప్పల్, చిలుకానగర్
బోనాల ముందు ఆదివారం

చిరంజీవి తమ్ముడు నాగేందర్‌కు,

అక్క నీలవేణి ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేము క్షేమం.

ఉప్పల్ నుంచి నాచారానికి ఉత్తరమేందని నవ్వుతావు. నవ్వు. ఫోను చేస్తే నువ్వు నన్ను మాట్లాడనీయవు. "అక్కా, నువ్వు ఫికర్ జెయ్యకు" అని మొదలుపెడతావు. పెట్టేసే సమయానికి నేను అడగాలనుకున్నది నా దగ్గరే ఉండిపోతుంది. కాబట్టి కాయితం. జవాబు కూడా కాయితం మీదే రాయి. ఫోను చేస్తే ఎత్తను.

మన పక్కింటి బుచ్చిరాములు సారు, నీకు ఆరో తరగతి నుంచి పది దాకా తెలుగు చెప్పిన సారు, మోసపోయారు.

గురువారం ప్రసాదం ఇద్దామని వాళ్ళింటికి పోయాను. సారు కంప్యూటర్ ముందు నిలబడి ఉన్నారు. కుర్చీ వెనకే ఉంది, కూర్చోలేదు. తెరంతా ఎర్రగా ఉంది. అంబులెన్సు మోత లాంటి మోత. ఆ మోత మధ్యలో తెలుగులో మాటలు, చెప్పిందే మళ్ళీ మళ్ళీ. తెర మీద పెద్దగా ఒక ఫోను నంబరు. సారు ఆ నంబరుకు ఫోను చేసి చెవి దగ్గర పెట్టుకున్నారు. "అట్లనే సార్. సరే సార్" అంటున్నారు. డెబ్భై దాటిన మనిషి, ఎవరికో. నన్ను చూసి ఆగమని చెయ్యి చూపించారు. నేను గడప దగ్గర కొంచెంసేపు నిలబడి, ఏదో ఆఫీసు పని అనుకొని, ప్రసాదం టీపాయి మీద పెట్టి వచ్చాను. సాయంత్రానికి తెలిసింది. ఎంత పోయిందో రాయను. అడగకు.

నువ్వు కంప్యూటర్ లైనులో ఉన్నావు. ఇది ఏంది, ఎట్లా గుర్తుపట్టాలో రాయి. శనివారం భజనకు వచ్చే ఆడవాళ్ళు అడుగుతున్నారు.

ఇంకొకటి. అమ్మ పోయిన ఏడే ఆ కంపెనీలో చేరావు. "సపోర్టు" అన్నావు. ఎవరికి సపోర్టో ఇప్పటిదాకా చెప్పలేదు. అది కూడా రాయి.

మీ బావ అడిగినట్టు చెప్పమన్నాడు.

అక్క


నాచారం

పూజ్యురాలైన అక్కకు,

నమస్కారాలు. నీ ఉత్తరం చూసి మా రూములో వాళ్ళంతా నవ్వారు. ఒకడైతే స్టాంపు చేతిలో పట్టుకొని ఇదేందన్నా అని అడిగాడు. అయినా నీ మాట కాదంటానా. రాస్తున్నాను.

సారు సంగతి విని బాధయింది. మస్తు పాత మోసం అక్కా అది. అందరికీ తెలిసిందే. భజన వాళ్ళకు ఇట్లా చెప్పు.

ఆ ఎర్ర తెర వైరస్ కాదు. ఒట్టి పేజీ. నువ్వు పేపరు తిప్పుతుంటే మధ్యలో ఎర్ర రంగు పాంప్లెట్ పడుతుంది చూడు, అంతే. తెర నిండా పరుచుకుంటుంది, బాణం గుర్తును దాచేస్తుంది, దాంతో మిషన్ కదలడం లేదనుకుంటారు. మిషన్‌కు ఏమీ కాలేదు. ఏ పెద్ద కంపెనీ కూడా తెర మీద ఫోను నంబరు పెట్టి నాకు ఫోను చెయ్యి అనదు. నంబరు కనపడిందంటే అది మోసం. ఇంక చూడాల్సిన పని లేదు. ఎడమ మూలన ఎస్కేప్ బటన్ ఉంటుంది, దాన్ని కొంచెంసేపు వత్తి పట్టుకుంటే తెర చిన్నదవుతుంది, అప్పుడు మూసేయొచ్చు. కాకపోతే పవర్ బటన్ వత్తి పట్టుకో, పోతుంది. మళ్ళీ పెట్టినప్పుడు పాత పేజీలు తెరవాలా అని అడుగుతుంది, వద్దను. ఆ ఆడమనిషి గొంతుకు భయపడొద్దు, అది రికార్డింగు.

ఫోను చేస్తే మాత్రం వదలరు. ఒక యాప్ వేసుకోమంటారు. వేసుకున్నావా, నీ మిషన్ వాళ్ళ చేతిలోకి పోయినట్టే. నల్ల డబ్బాలో ఏవో గీతలు చూపించి ఇవన్నీ వైరస్‌లు అంటారు. ఆ గీతలు ప్రతి కంప్యూటర్‌లో ఉంటాయి. అట్లా ఎవరైనా ఇరుక్కుంటే ముందు ఇంటర్నెట్ తీసేయాలి, బ్యాంకుకు చెప్పాలి, సైబర్ మోసాల పోలీసు నంబరు 1930కి ఫోను చేయాలి, వేరే మిషన్ నుంచి పాస్‌వర్డులు మార్చుకోవాలి. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

సారు విషయంలో ఇప్పటికే ఆలస్యమైంది కదా. పోలీసుల చుట్టూ తిరిగితే ఆ వయసులో తిప్పలే గాని వచ్చేదేమీ లేదు. వదిలేయమను.

నా పని మామూలే. కస్టమర్ కేర్. రాఖీకి వస్తాను, ఫికర్ చేయకు.

నాగేందర్


ఉప్పల్
బోనాల మర్నాడు

నాగేందర్‌కు,

నువ్వు చెప్పినవి భజనలో చెప్పాను. అందరికీ అర్థమైంది. బాగా చెప్పావు. పంతులు సత్యనారాయణ వ్రతకథ చెప్పినట్టు కంఠతా చెప్పావు.

నేను మాటలు వినపడ్డాయని రాశాను. ఆడ గొంతని రాయలేదు. నువ్వు రాశావు.

ఆ మాటలు నేను గడపలో నిలబడి మూడుసార్లు విన్నాను. మొదటిసారి నా చెవి మీద నాకే నమ్మకం కలగలేదు. "మేము మాట్లాడే దాకా కంప్యూటర్‌ను కొండెక్కించకండి." దీపాన్ని కొండెక్కిందని లోకమంతా అంటుంది. టీవీని, ఫ్యానును, మిక్సీని కొండెక్కించమన్నది ఒక్క మన అమ్మ. నాయిన పోయిన నాటి నుంచి ఆ ఇంట్లో ఆర్పు, ఆపు అనే మాట వినపడనీయలేదు. "అరే నాగీ, టీవీ కొండెక్కించి పండుకో" అంటే నువ్వు పొర్లి పొర్లి నవ్వేవాడివి. నీ స్నేహితుల ముందర అమ్మను వెక్కిరించేవాడివి.

నాచారంలో ఇంకెవరి అమ్మ అట్లా అన్నదో కనుక్కొని రాయి.

సారు ఇల్లు దాటడం లేదు. శనివారాలు భజనలో పద్యానికి అర్థం చెప్పేది ఆయనే, మొన్న రాలేదు. భార్య దుర్గాభవానమ్మ నిన్న గోడ దగ్గర నాతో అన్నది: "గడియారం సూస్తడు, నన్ను మళ్ల టైమెంతయిందని అడుగుతడు. ఉప్పేసినవా అని కూరల ఏలు పెట్టి సూస్తడు. అన్నిటికి అనుమానమే వొదినా." మధ్యాహ్నం నేను పలకరిస్తే సారు ఒకటే మాట అడిగారు. "నీలవేణమ్మా, నిజం జెప్పు. నా బుద్ధి పోయిందా?"

జవాబు నీ దగ్గర ఉంది.

నీలవేణి


నాచారం

అక్కకు,

నువ్వు ఇంత దూరం ఆలోచిస్తావని అనుకోలేదు.

సరే. రాసింది నేనే. కానీ నువ్వు అనుకున్నట్టు కాదు. నేను ఎవరికీ ఫోను చేయను, ఎవరి మిషన్‌లోకీ పోను. సారు ఫోను చేస్తే ఎత్తింది నేను కాదు, నాగచైతన్య అనే పిల్లగాడు. అవతల ఉన్నది సారని నాకు నీ ఉత్తరం వచ్చేదాకా తెలియదు. నా పని తెలుగు రాయడం. వాళ్ళు ఇంగ్లిషులో ఇస్తారు, నేను తెలుగు చేస్తాను. ప్రెస్సు వాడు ఏది అచ్చు వేసినా ప్రెస్సు వాడిదే తప్పా?

నా సంగతి కూడా ఆలోచించు. నేను చేసే ఫ్యాక్టరీ మూసేశాక ఎన్ని ఆఫీసులు తిరిగానో నీకు తెలుసు. నలభై దాటినవాడికి ఉద్యోగం ఎవడిస్తాడు? మా మేనేజరు తేజేష్ నా వయసులో సగం ఉంటాడు. నన్ను "అన్నా" అంటాడు గాని కాళ్ళు టేబుల్ మీదే ఉంటాయి. అలాంటి చోట నాకు కొంచెం విలువ వచ్చిందంటే ఆ ఒక్క మాటతోనే వచ్చింది. ముందు "ఆఫ్ చేయకండి" అని ఉండేది. జనం భయపడుతున్నారు, కానీ ఆ భయంలో టక్కున ఆఫ్ చేసేస్తున్నారు. తేజేష్ నన్ను పిలిచి, "అన్నా, పెద్దమనుషుల చెయ్యి స్విచ్చు మీదికి పోకుండ ఏదన్న మాట పెట్టరాదే" అన్నాడు. నాకు అమ్మ గుర్తొచ్చింది. పెట్టాను. ఆ రోజు నుంచి ఆఫ్ చేసేవాళ్ళు తగ్గిపోయారు. పెద్దవాళ్ళకు కొండెక్కించడమంటే చెయ్యి రాదు కదా. ఆఫీసులో అందరికీ బాదుషా పంచారు. తేజేష్ నా భుజం మీద చెయ్యి వేసి, గిట్ల రాసెటోడు మొత్తం సిటీల లేడన్నాడు.

ఇంకో మాట చెప్తాను, కోపం చేయకు. పేపర్లో వస్తుంది, టీవీలో వస్తుంది, ఫోను మోగితే చాలు జాగ్రత్త అని చెప్తుంది. అయినా నమ్మేవాళ్ళను ఎవరు కాపాడతారు?

దయచేసి సారుకు చెప్పకు.

నాగేందర్


ఉప్పల్

కంపెనీ తెలుగు పండితులకు,

బాదుషా తిన్నారా? అమ్మ సంవత్సరీకం నాడు బూరె పెడితే షుగరని పక్కకు పెట్టావు. అమ్మ మాట అమ్ముకొని తెచ్చిన బాదుషాకు షుగరు అడ్డం రాలేదు. మంచిది. ఒళ్ళు జాగ్రత్త.

ప్రెస్సు వాడిని అంటున్నావు. ప్రెస్సు వాడు ఏ మాట పెడితే ముసలివాళ్ళ చెయ్యి కట్టేసినట్టవుతుందని కూర్చొని ఆలోచించడు. నువ్వు ఆలోచించావు. తెలివి లేక చేశావనుకున్నాను ఇన్నాళ్ళూ. ఉన్న తెలివంతా పెట్టి చేశావని ఇప్పుడు తెలిసింది. నీకింత తెలివి ఉందని తెలిస్తే అమ్మ సంతోషపడేది, దేనికి వాడావో తెలిసే దాకా.

నమ్మేవాళ్ళను ఎవరు కాపాడతారని అడిగావు. సారు ఎందుకు నమ్మారో నీకు చెప్తాను. నిన్న అడిగాను. సారు మాటలే రాస్తున్నాను.

"అమ్మా, నాకు గివన్ని ఎరుకే. ఫోన్ల రోజు వస్తయి. మోసగాండ్ల తెలుగు ఎట్లుంటది? 'మీ ఖాతా మూసివేయబడబోవుచున్నది' అని బండలు పేర్చినట్టుంటది. ఒత్తు ఉన్నకాడ ఉండదు, లేనికాడ ఉంటది. అది సూడంగనే తీసి పారేస్త. గిది తేట తెలుగు. ఒక్క తప్పు లేదు. నా చెయ్యి స్విచ్చు మీదికే పోయింది. గంతల కొండెక్కించకండి అన్నది. ఆగిపోయిన. యంత్రాన్ని కూడ దీపం లెక్క సూస్తున్నడంటె, ఇది రాసినోడు ఎవలో సంస్కారం ఉన్నోడు అనుకున్న."

సంస్కారం ఉన్నోడు. నీ గురించి ఇంత మంచి మాట ఇప్పటిదాకా ఎవరూ అనలేదు. అన్న మనిషి నీ చేతిలో మోసపోయి అన్నారు. ఆయన నేర్పిన తెలుగుతోనే ఆయనను పట్టావు. ఐదేళ్ళు నీ కాపీ పుస్తకంలో ఎర్ర సిరాతో ఒత్తులు దిద్దిన చెయ్యి అది.

ఇది మొత్తం కూడా సారు ఎట్లా చెప్పారో తెలుసా. తప్పు చేసిన పిల్లవాడి లెక్క, నేల చూసి. అన్నీ చెప్పి, "కనిపెట్టలేకపొయిన. వయసైపోయింది. ఇంక నాకు దేనికి చదువు" అన్నారు.

నేను సారుకు చెప్పలేదు. నువ్వు చెప్పొద్దన్నావని కాదు. నేను చెప్తే ఓదార్పు అనుకుంటారు. రాసినవాడు ఎదురుగా నిలబడి చెప్తేనే ఆయనకు తన బుద్ధి మీద నమ్మకం తిరిగి వస్తుంది. డబ్బు తెమ్మని అడగడం లేదు. నువ్వు తేలేవు. రా. వచ్చి చెప్పు.

భజనలో నేను మాట మార్చాను. తెర మీద నంబరు కనపడితే ధైర్యంగా కొండెక్కించండని చెప్తున్నాను. దేవుడేమీ అనుకోడని కూడా చెప్తున్నాను. నీ వల్ల దేవుడి తరఫున కూడా మాట ఇవ్వాల్సి వస్తోంది.

నీలవేణి


చెంగిచెర్ల

అక్కకు,

ఉద్యోగం మానేశాను. నాచారం రూము ఖాళీ చేసి ఇక్కడ తెలిసినవాళ్ళ దగ్గర ఉన్నాను. నీ ఉత్తరం ఒకసారి చదివాను. రెండోసారి చదవలేకపోయాను.

మానేశాను కదా, చాలదా అక్కా? ఇంకా ఏం కావాలి? సారు ముందర నిలబడే ధైర్యం నాకు లేదు. ఆయన నన్ను బడిలో ఒక్కనాడు కొట్టలేదు. కొట్టే సారైతే వచ్చేవాణ్ని.

నువ్వే చెప్పు. పేరు చెప్పకు. ఎవరో తెలివైనవాడు రాశాడు, మీ తప్పు లేదు అని చెప్పు. లేకపోతే నేను ఫోను చేస్తాను, వేరే నంబరు నుంచి, కంపెనీ వాళ్ళం అని చెప్పి క్షమాపణ అడుగుతాను. నువ్వేమంటావు?

తమ్ముడు నాగేందర్


ఉప్పల్
శుక్రవారం

నాగేందర్‌కు,

వేరే నంబరు నుంచి, వేరే పేరుతో ఫోను చేస్తావు. ఉద్యోగం మానేశానని పైన రాసి కింద అదే పని చేస్తానంటున్నావు. రాసింది ఒకసారి చదువుకొని కవరులో పెట్టడం అలవాటు చేసుకో.

సారు కొడుకు నరేన్ ఆదివారం సైనిక్‌పురి నుంచి కారు తెస్తున్నాడు. కంప్యూటర్, ఫోను, బ్యాంకు పుస్తకాలు తన దగ్గర పెట్టుకుంటాడట. ఇద్దరినీ కూడా తీసుకుపోతాడట. మంచి పిల్లవాడు, ప్రేమతోనే చేస్తున్నాడు. "నాయినకు ఇంక తెలుస్త లేదు అత్తమ్మా" అన్నాడు నాతో, సారు వింటుండగా. సారు కాదనలేదు. సరే బిడ్డా అన్నారు. పద్యాల పుస్తకాలు కట్టి నాకిచ్చారు, భజన వాళ్ళకు పంచమని. నేను తీసుకోలేదు.

ఆదివారం కారు ఎక్కితే సారుకు బుద్ధి పోయిందన్నది ఖాయమైపోతుంది. ఆయన దృష్టిలోనే. ఇంక ఎవరు చెప్పినా వినరు.

నాకు తెలిసింది సోమవారం పోలీసులకు చెప్తాను. నిన్ను భయపెట్టడానికి రాయడం లేదు. ఇంకొకరి నోట వినొద్దని రాస్తున్నాను. ఆదివారం పొద్దున నేను గుడిలో ఉంటాను. నా మొహం చూడాల్సిన అవసరం నీకు ఉండదు. అంత సాయం చేయగలను.

నీలవేణి


చర్లపల్లి జైలు

అక్కకు,

నువ్వు అన్నట్టే గుడిలో ఉన్నావు. అందుకే జరిగింది నేనే రాయాలి. రెండుసార్లు చదువుకొనే కవరులో పెడుతున్నాను.

నేను పోయేసరికి నరేన్ కంప్యూటర్ వైర్లు చుడుతున్నాడు. సారు మంచం మీద కూర్చొని ఉన్నారు. నన్ను గుర్తుపట్టారు.

"గండయ్య కొడుకువు కదరా. నాచారం కంపెనీల జేస్తవట. కూసో."

"కూసోను సార్. ఒక మాట జెప్పి పోత. ఆ ఎర్ర తెర మీద తెలుగు నేనే రాసిన."

నరేన్ వైర్లు వదిలేసి నా మీదికి వచ్చాడు. సారు చెయ్యి అడ్డం పెట్టారు. తర్వాత అన్నారు, "ఏది, చదువు."

నాకు అర్థం కాలేదు.

"రాసినవు గద. కంఠస్థం ఉంటది. నిలబడి చదువు."

బడిలో పద్యం అప్పజెప్పినట్టు చేతులు కట్టుకొని చెప్పాను అక్కా. "ముఖ్య గమనిక. మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉన్నది. మీరు కంగారు పడవలసిన పని లేదు. వెంటనే ఈ నంబరుకు ఫోను చేయండి. మేము మాట్లాడే దాకా కంప్యూటర్‌ను కొండెక్కించకండి." అయిపోయింది. సారు కళ్ళు మూసుకొని విన్నారు. "మళ్లొక్కసారి" అన్నారు. మళ్ళీ చెప్పాను.

సారు దుర్గాభవానమ్మ దిక్కు తిరిగారు. "ఇన్నవా? ఒక్క తప్పు లేదు. నేను జెప్పిన తెలుగే."

"మీరు జెప్పిందే సార్. మీ తప్పు లేదు. మీ బుద్ధికేం గాలే. సదువుకున్నోళ్లు, ఒక్కొక్క మాట పట్టి సూసెటోళ్లు ఆగాలనే గట్ల రాసిన. పట్టించుకోనోళ్లు ఎట్లనన్న ఆఫ్ జేస్తరు. మీ అసుంటోళ్ల కోసమే రాసిన."

"అంటే నా బుద్ధి పోలే."

"పోలేదు సార్."

"పోయింది నీది."

"అవును సార్."

సారు లేచారు. మంచం పట్టుకోకుండా లేచారు. "నరేన్, ఆ వైర్లు ఎక్కడియక్కడ పెట్టు బిడ్డా. నేనేడికి రాను" అన్నారు. నరేన్ ఏదో అనబోతే, "ఎందుకో కారు కాడ చెప్త, నువ్వు ఒక్కనివి పోయేటప్పుడు" అన్నారు. నేను కుర్చీ దిక్కు చూశాను. సారు చూశారు. "ఇందాక కూసోమన్న. ఇప్పుడు అనను. ఈ ఇంట్ల నీకు కుర్చీ లేదు" అన్నారు. కోపంగా కాదు. తడి నేల మీద నడవకు అన్నట్టు అన్నారు.

తర్వాత ఇస్త్రీ చొక్కా వేసుకొని, "నడువు" అన్నారు. స్టేషన్‌కు నడిచే పోయాం. సారు ముందర, నేను వెనక. రోడ్డు దాటేటప్పుడు నా చెయ్యి పట్టుకొని దాటించారు, దాటంగనే వదిలేశారు.

స్టేషన్‌లో జరిగిందంతా రాసి ఇవ్వమన్నారు. రాశాను. ఎస్సైకి ఇచ్చే ముందర సారు అడిగి తీసుకున్నారు, కళ్ళద్దాలు పెట్టుకొని చదివారు. ఎస్సై ఆశ్చర్యంగా చూస్తున్నాడు. సారు వేలు పెట్టి ఒక చోట చూపించారు. నేను "ఈ విధంగా పలువురికి మోసం జరిగింది" అని రాశాను.

"జరిగింది ఏంది? వాన పడ్డట్టు జరిగిందా? కర్త ఏడి?"

కొట్టేసి రాశాను. "నేను మోసం చేశాను."

"గిప్పుడు సరైంది" అని ఎస్సై చేతికి ఇచ్చారు.

ఆఫీసుకు తాళం పడింది. తేజేష్ దొరకలేదు. నాగచైతన్య నా పక్క బ్యారక్‌లో ఉన్నాడు, వాళ్ళ అమ్మ కోసం ఏడుస్తాడు. బెయిలుకు జమానతు పడడానికి ఇద్దరు మనుషులు కావాలట. నిన్ను అడగలేను. అడగకుండా ఉండలేను కూడా.

రాఖీ నాడు ఇక్కడికి కూడా ఆడవాళ్ళను రానిస్తారట.

నాగేందర్


ఉప్పల్
రాఖీ దాటిన వారం

తమ్మునికి,

నీ ఉత్తరం చేరింది. ఒక్క చోట కూడా నిన్ను నువ్వు వెనకేసుకురాలేదు. జమానతు దగ్గర కొంచెం జారావు. ఫరవాలేదు.

రాఖీకి రాలేదు. మరిచిపోయి కాదు. ఆ పొద్దు దేవుని దగ్గర కూర్చొని అడిగాను, పోవాలా అని. దేవుడు ఏమీ అనలేదు. నేనూ పోలేదు. కవరులో కూడా పెట్టడం లేదు. వచ్చే ఏడు చెయ్యి కడుక్కొని రా, కడతాను.

జమానతుకు మీ బావ వస్తాడు. నేను పొమ్మనలేదు, పోవద్దనలేదు. "నేను పోత తీ, లోపల వానికి తెలుగు రాసుడు దొరికితె జైలు దీపాలకు గూడ కొండెక్కించకండి అని బోర్డు రాసి పెడ్తడు" అన్నాడు. ఆయన నవ్వులాట నీకు తెలుసు. ఇంకొక మనిషి ఎవరని అడిగాను. చెప్పలేదు. నిన్న గోడ అవతల నుంచి సారు చెప్పారు. "అమ్మా, నేనే. వాడు బయటికొచ్చినంక ఇంట్లకు రానియ్య. గడప కాడ కూసుంటడు. రోజు ఒక పేజీ దస్తూరి రాస్తడు. గా షరతు మీదనే ఒప్పుకున్న" అన్నారు.

నేను మాత్రం నీకు జమానతు పడను. నీ మాటకు పూచీ పడే రోజు నాకు ఇంకా రాలేదు.

పోయిన డబ్బులు తిరిగి రాలేదు. వస్తాయని ఎవరూ అనడం లేదు. నరేన్ వారం వారం వచ్చి పోతున్నాడు. శనివారం సారు భజనకు వచ్చారు. పద్యం చెప్పే ముందర లేచి నిలబడి, తను ఎట్లా మోసపోయారో తనే చెప్పారు, నేల చూడకుండా. నీ పేరు చెప్పలేదు. చివర ఒక మాట అన్నారు. "తప్పుల తెలుగును నమ్మకుండ్రి అని ఇన్నేండ్లు జెప్పిన. ఇయ్యాల్టి నుంచి తప్పుల్లేని తెలుగును కూడ నమ్మకుండ్రి. అది ఎవల చేతిల ఉన్నదో సూడుండ్రి." భజనకు వచ్చే రాములమ్మ చప్పట్లు కొట్టింది. పాట లేకుండా చప్పట్లేందని అందరూ నవ్వారు. సారు కూడా.

రోజూ దీపాల వేళకు సారు కంప్యూటర్ పని ముగించి, గోడ దగ్గరకు వచ్చి, "నీలవేణమ్మా, కొండెక్కించిన" అని కేకేసి చెప్తారు. చెప్పాల్సిన అవసరం లేదు. చెప్తారు. నేను అప్పుడు దీపం ముందర ఉంటాను. మొదట్లో ఆ మాట వింటే ఆ ఎర్ర తెర, ఆ మోత గుర్తొచ్చేవి. నాలుగు రోజుల నుంచి రావడం లేదు. అమ్మ అన్నట్టే వినపడుతోంది.

మాట ఇంటికి వచ్చింది. నీ సంగతి నువ్వు చూసుకో.

అక్క